వైట్ సాక్స్ అభిమానులు జట్టుని వదిలేయలేదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ క్రీడల పేజీలో అడుగున వేసిన చిన్న వార్త చదివాను. 'చరిత్రలోనే అతి చెత్త జట్టు' అని హెడింగ్. షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు ఈ ఏడాది (2024) 121 ఆటలు ఓడిపోయిందని, చివరికి అభిమానులు కూడా వదిలేశారని రాశారు. 121 అన్నది నిజమే. వదిలేశారన్నది నిజం కాదు. ఆ అభిమానుల్లో నేనూ ఒకదాన్ని. ఇరవై ఏళ్ళుగా షికాగోలో ఉంటున్నాను, ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో రాత్రి డ్యూటీ చేస్తాను. ఈ సీజన్లో 162 ఆటలుంటే 131 ఆటలకి నా చేత్తో స్కోరు రాశాను. పద్నాలుగు ఆటలు స్టేడియంలో కూర్చుని చూశాను. అందులో ఐదు గెలిచాం. ఉత్తరం కాస్త పెద్దదైంది, ఓపిగ్గా చదవండి.

ముందు హెడింగ్ సంగతి. 1901 నుంచి లెక్క తీస్తే ఒక సీజన్లో అందరికంటే ఎక్కువ ఆటలు ఓడింది మావాళ్ళే, ఒప్పుకుంటాను. 1962లో న్యూయార్క్ మెట్స్ 120 ఓడారు, దాన్ని మేం దాటాం. కానీ 'చరిత్రలోనే' అని రాసే ముందు ఇంకాస్త వెనక్కి చూడాల్సింది. 1899లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ అనే జట్టు 20 గెలిచి 134 ఓడింది. 1916లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ 36 గెలిచి 117 ఓడింది. ఆ మెట్స్ తీసుకున్నా, 160లో 40 గెలిచారు, అంటే సరిగ్గా నూటికి 25. మావాళ్ళు 162లో 41. వెంట్రుకవాసి మేమే పైన. ఇది గొప్ప చెప్పుకునే సంగతి కాదని నాకు తెలుసు. కానీ పత్రికలో అచ్చయ్యేది లెక్క ప్రకారం ఉండాలి కదా.

అసలు నాకు ఈ ఆట ఎలా అంటుకుందో చెప్తాను. 2004 నవంబర్లో షికాగో వచ్చాను. ల్యాబ్‌లో నాకు పని నేర్పించిన పెద్దావిడ ఒకరున్నారు. నల్లజాతి ఆవిడ, ఊరి దక్షిణం వైపే పుట్టి పెరిగారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు ఆవిణ్ణి పాత కమిస్కీ పార్క్‌కి తీసుకెళ్ళేవారట. ఆ స్టేడియం ఇప్పుడు లేదు, 1991 నుంచి కొత్తదాన్లోనే ఆటలు. 2005 వేసవిలో బ్రేక్ రూమ్‌లో టీవీ ముందు కూర్చుని ఆవిడ ఒక పొడుగాటి పుస్తకంలో పెన్సిల్‌తో ఏవో గీతలు గీస్తుంటే, ఏంటండీ అది అని అడిగాను. అంతే. అక్కడ మొదలైంది.

ఆ పుస్తకం గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత చెప్పేది అర్థం కాదు. ఆటకి మామూలుగా తొమ్మిది ఇన్నింగ్‌లు. పుస్తకంలో ప్రతి బ్యాటర్‌కీ ఇన్నింగ్‌కి ఒక గడి. గడి మధ్యలో చిన్న వజ్రం బొమ్మ. బ్యాటర్ ఎన్ని బేస్‌లు (మైదానంలో వజ్రం మూలలు) చేరితే అంతవరకు ఆ వజ్రం అంచు మీద గీత గీస్తాం. చుట్టూ తిరిగి వచ్చి పరుగు చేస్తే వజ్రం మొత్తాన్ని పెన్సిల్‌తో నల్లగా నింపేస్తాం. ఫీల్డర్లకి పేర్లుండవు, అంకెలే. బంతి విసిరే పిచ్చర్ 1, బ్యాటర్ వెనక పట్టే క్యాచర్ 2, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6. బంతి షార్ట్‌స్టాప్ నుంచి రెండో బేస్ వాడికి, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్‌కి పోయి ఇద్దరు ఔటైతే 6-4-3. స్ట్రైకౌట్‌కి, అంటే మూడుసార్లు బంతిని కొట్టలేక ఔటైతే, ఇంగ్లీషు 'కే' అక్షరం. బ్యాట్ కదపకుండా నిలబడి ఔటైతే ఆ అక్షరాన్నే వెనక్కి తిప్పి రాస్తాం. ల్యాబ్‌లో సీసా మీద లేబుల్ రాసినంత శ్రద్ధగా రాయాలని ఆవిడ పట్టు. చెరిపేసి మళ్ళీ రాయించేవారు.

ఆ ఏడాదే మావాళ్ళు వరల్డ్ సిరీస్, అంటే ఫైనల్ పోటీ, గెలిచారు. 1917 తర్వాత మళ్ళీ అప్పుడే, అంటే 88 ఏళ్ళకి. హ్యూస్టన్‌ని నాలుగుకి నాలుగు ఓడించారు. రెండో ఆటలో స్కాట్ పొసెడ్నిక్ తొమ్మిదో ఇన్నింగ్‌లో హోమ్‌రన్ (బంతిని గోడ దాటించే దెబ్బ) కొట్టి గెలిపించాడు. ఆ ఏడాది మామూలు సీజన్ మొత్తంలో ఒక్క హోమ్‌రన్ కూడా కొట్టని మనిషి అతను! ఆ రాత్రి బ్రేక్ రూమ్‌లో ఆవిడ ఏడుస్తూనే వజ్రం నింపారు. నాకు అప్పటికి రూల్సు సగం కూడా రావు, అయినా నాకూ కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది. ఇప్పుడు చూపు బాగా తగ్గింది, మోకాళ్ళు సహకరించవు. రేడియో పెట్టుకుంటారు గానీ మధ్యలో నిద్రపోతారు. అందుకని ఆట అయ్యాక, నేను డ్యూటీకి బయల్దేరే ముందు ఫోన్ చేసి పుస్తకంలోది చదివి వినిపిస్తాను. "మొదటి బ్యాటర్ నుంచి చెప్పు" అంటారు ఎప్పుడూ. స్కోరు ముందే చెప్పేస్తే ఒప్పుకోరు.

ఇక ఈ సీజన్. మార్చి 28న మొదటి ఆటే డెట్రాయిట్ టైగర్స్ మీద 1-0తో ఓడాం. గారెట్ క్రోషే ఆరు ఇన్నింగ్స్ అద్భుతంగా వేశాడు, మనవాళ్ళు ఒక్క పరుగు తేలేకపోయారు. అప్పుడు నాకేమీ అనిపించలేదు. మంచి పిచ్చర్ దొరికాడు, చాలనుకున్నాను. తర్వాత ఓటమి మీద ఓటమి. 25 ఆటలయ్యేసరికి మూడే గెలిచాం. ఏప్రిల్ చివర్లో టాంపా బే రేస్ జట్టు వచ్చి మూడు ఆటలాడితే మూడూ గెలిచాం. ఆ వారాంతం మా ఇంట్లో పండగే. మా వారికి ఈ ఆట బొత్తిగా పట్టదు, ఆయన కూడా "ఇంక గాడిలో పడ్డట్టేనా?" అని అడిగారు. పడ్డట్టే అన్నాను. అప్పుడు నిజంగా నమ్మాను.

మే 23 రాత్రి నేను స్టేడియంలోనే ఉన్నాను. బాల్టిమోర్ ఓరియోల్స్‌తో ఆట. తొమ్మిదో ఇన్నింగ్‌లో పుంజుకుని 8-6కి వచ్చాం, ఇంకా రెండు పరుగులు వెనక. ఒకడే ఔట్, ఫస్ట్ బేస్ మీదా సెకండ్ బేస్ మీదా మన రన్నర్లు. ఒక్క మంచి దెబ్బ పడితే సమం. ఆండ్రూ బెనింటెండీ కొట్టిన బంతి గాల్లోకి లేచి షార్ట్‌స్టాప్ వైపు వెళ్ళింది. ఇలాంటప్పుడు ఇన్‌ఫీల్డ్ ఫ్లై అని ఒక రూల్ ఉంది. క్యాచ్ పట్టినా పట్టకపోయినా బ్యాటర్ ఔట్ అని అంపైర్ ముందే ప్రకటిస్తాడు. ఫీల్డర్ కావాలని జారవిడిచి ఇద్దర్ని ఔట్ చెయ్యకుండా పెట్టిన రూల్ అది. సరే, బెనింటెండీ ఔట్, ఇంకో అవకాశం ఉంది అనుకుంటూ గడిలో 6 రాస్తున్నాను. తలెత్తేసరికి ఓరియోల్స్ వాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. సెకండ్ బేస్‌కి వెనక్కి వస్తున్న మన రన్నర్ ఆండ్రూ వాన్, ఫీల్డర్ దారికి అడ్డం వచ్చాడని అంపైర్ అతన్నీ ఔటిచ్చాడు. ఫీల్డర్ ఆ బంతిని హాయిగా పట్టుకున్నాడు కూడా! ఆట అయిపోయింది. చుట్టూ ఉన్న జనం కూర్చోవాలో లేవాలో తెలియక అలాగే నిలబడిపోయారు. నేను పెన్సిల్ పట్టుకుని ఆ రెండో గడి వంక చూస్తూ ఉండిపోయాను. ఇరవై ఏళ్ళలో అలాంటిది రాయలేదు.

రెడ్ లైన్ రైలు ఎక్కేముందు, 35వ స్ట్రీట్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నుంచే ఆవిడకి ఫోన్ చేశాను. మొదటి బ్యాటర్ నుంచి చదివాను. చివరి గడి దగ్గర ఆగి, ఇక్కడ ఏం రాయమంటారు అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అక్కడా 6 రాయి. పక్కన చిన్న అక్షరాలతో ఇంటర్‌ఫియరెన్స్ అని రాయి. చెరపకు" అన్నారు. రాశాను. ఆ రాత్రి ఓటమి 14 ఓటముల వరుసలో రెండోది. జూన్ 7 దాకా మళ్ళీ గెలుపు ముఖం చూడలేదు.

జులై 10న ఇంకో వరుస మొదలైంది. 21 ఆటలు. దాని గురించి ఎక్కువ రాయలేను. పుస్తకంలో ఆ పేజీలన్నీ తెల్లగా ఉంటాయి, నింపిన వజ్రాలు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. ఆ రోజుల్లోనే, జులై 25న, డిలన్ సీజ్ వాషింగ్టన్‌లో నో-హిట్టర్ వేశాడు. అవతలి జట్టుకి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడన్నమాట. మార్చి దాకా అతను మా పిచ్చరే. సీజన్ మొదలవబోతుండగా శాన్ డియేగోకి పంపించేశారు. అతని కోసం సంతోషపడ్డాను, నిజంగానే. కానీ ఆ రాత్రి ల్యాబ్‌లో ఎవరైనా ఆ మాట ఎత్తితే పక్కకి వెళ్ళిపోయాను.

ఆ వరుసలో ఒకరోజు మా అబ్బాయి అన్నాడు, "అమ్మా, టెన్షన్ పడి బీపీ తెచ్చుకుంటావా? కొన్నాళ్ళు మానెయ్" అని. వాడు కబ్స్ అభిమాని, ఊరి ఉత్తరం వైపు జట్టు. ప్రేమగానే అన్నాడు. రెండు రోజులు మానేశాను. మూడో రోజు సాయంత్రం పెద్దావిడే ఫోన్ చేశారు. "నువ్వు చదవకపోతే ఓడారని తెలుస్తుంది గానీ, ఎలా ఆడారో ఎలా తెలుస్తుంది?" అన్నారు. మళ్ళీ పెన్సిల్ తీశాను.

ఆగస్టు 6 రాత్రి ఆట ఓక్లాండ్‌లో. అక్కడి టైమ్ వెనక కాబట్టి మాకు బాగా పొద్దుపోయాక మొదలవుతుంది. సగం ఆట ఇంట్లో రాసి, మిగతాది కారు రేడియోలో వింటూ డ్యూటీకి వెళ్ళాను. ఆసుపత్రి పార్కింగ్‌లో కింది అంతస్తుల్లో సిగ్నల్ అందదు. అందుకని పైకప్పు దాకా ఎక్కించి, అక్కడ కారు ఆపి, లోపల లైటు వేసుకుని స్టీరింగ్ మీద పుస్తకం ఆనించి రాశాను. 5-1. గెలిచాం. చివరి ఔట్ రాసేటప్పుడు పెన్సిల్ ములుకు విరిగిపోయింది. మొత్తం పార్కింగ్ డెక్ మీద నా కారొక్కటే. హారన్ కొట్టాలనిపించింది, కింద పేషెంట్లు ఉంటారని ఊరుకున్నాను. ఆవిడకి ఫోన్ చేస్తే మొదటి రింగ్‌కే ఎత్తారు. మెలకువగానే ఉన్నారు. అయినా "మొదటి బ్యాటర్ నుంచి చెప్పు" అన్నారు.

రెండు రోజులకి మేనేజర్ పెడ్రో గ్రిఫోల్‌ని తీసేశారు. తీసెయ్యాల్సిందే అన్నది నా అభిప్రాయం. కానీ అంతటితో అయిపోలేదు.

క్రోషే గురించి మీ వార్తలో ఒక్క ముక్క లేదు. 146 ఇన్నింగ్స్‌లో 209 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆల్‌స్టార్ ఆటకి ఎంపికయ్యాడు. అతని లెక్కలో చూస్తే మాత్రం 6 గెలుపులు, 12 ఓటములు. జట్టు పరుగులు తేకపోతే పిచ్చర్ ఏం చేస్తాడు? ఆగస్టు చివరి వారంలో టెక్సస్ రేంజర్స్ మీద మొదటి ఏడుగురినీ వరసగా స్ట్రైకౌట్ చేశాడు. నా పేజీలో ఏడు 'కే'లు ఒకదాని కింద ఒకటి నిచ్చెన మెట్లలా ఉన్నాయి. ఆ ఆట కూడా ఓడాం. ఆ సిరీస్‌లోనే తొమ్మిదో ఇన్నింగ్‌లో వాన్ కొట్టిన బంతి లెఫ్ట్ ఫీల్డ్ గోడ దాటబోతుంటే ట్రావిస్ జాంకౌస్కీ గాల్లోకి ఎగిరి పట్టేశాడు. దాటి ఉంటే ఆట మాదే. 2009లో మా పిచ్చర్ మార్క్ బ్యూర్లీ పర్ఫెక్ట్ గేమ్ (అవతలివాళ్ళలో ఒక్కరూ బేస్ చేరని ఆట) వేస్తున్నప్పుడు తొమ్మిదో ఇన్నింగ్‌లో మా డువేన్ వైజ్ కూడా సరిగ్గా ఇలాగే గోడ పైనుంచి బంతిని లాక్కున్నాడు. అప్పుడు మేం గంతులేశాం. ఈసారి అవతలివాళ్ళ వంతు. పుస్తకంలో మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి, ఒక గీత, పక్కన ఫీల్డర్ అంకె.

ఇక వదిలేశారన్న మాట. స్టాండ్లు ఖాళీగా ఉన్న రోజులు చాలా ఉన్నాయి, నేను కళ్ళారా చూశాను. చలికాలం వాసన పోని ఏప్రిల్ సాయంత్రాల్లో నా వరుసలో నేనొక్కదాన్నే కూర్చున్న రోజులూ ఉన్నాయి. కానీ సెప్టెంబర్ 24న మీ విలేఖరి అక్కడ ఉండి ఉంటే ఆ వాక్యం రాసేవారు కాదు.

అప్పటికి 120 ఓటములు. ఇంకొక్కటి ఓడితే రికార్డు. లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్‌తో ఆట. మా అబ్బాయి కూడా నాకు తోడొచ్చాడు. జనం బాగానే వచ్చారు. కొందరు రికార్డు చూడ్డానికే వచ్చారు, దాచడం ఎందుకు. ఏడు ఇన్నింగ్స్ అయ్యేసరికి 2-0తో వెనకబడ్డాం. యజమానిని ఉద్దేశించి 'జట్టుని అమ్మెయ్' అని స్టేడియం అంతా ఒక్క గొంతుతో అరిచింది. మా ముందు వరుసలో ఒక తాత, భుజాల మీద మనవడు, ఇద్దరూ అరుస్తున్నారు. నేనూ అరిచాను. మీరు దీన్నే వదిలెయ్యడం అనుకున్నారేమో. వదిలేసినవాళ్ళు ఇంట్లో కూర్చుంటారండీ, గొంతు పోయేలా అరవరు.

ఎనిమిదో ఇన్నింగ్‌లో మావాళ్ళు మూడు పరుగులు చేశారు. ఏడు ఇన్నింగ్స్ అయ్యాక వెనకబడి ఉన్న ఆటని ఈ సీజన్లో అప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ రాత్రి గెలిచారు, 3-2. ఎనిమిదో ఇన్నింగ్ నిలువు వరుసలో మూడు నల్ల వజ్రాలు. మూడోది నింపేటప్పుడు చెయ్యి వణికి గీత గడి దాటింది. చెరపలేదు. ఇందాక అమ్మెయ్ అని అరిచిన తాత మనవణ్ణి ఎత్తి ఊపుతున్నాడు. కబ్స్ అభిమాని అయిన మా అబ్బాయి లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పదో ఇన్నింగ్‌లో 4-3తో గెలిచారు. ఆ మర్నాడు, సొంత ఊళ్ళో ఆఖరి ఆట, 7-0. మూడుకి మూడు.

సెప్టెంబర్ 27న డెట్రాయిట్‌లో 4-1తో ఓడిపోయారు. అదే 121వది. మార్చిలో మొదటి ఓటమి కూడా డెట్రాయిట్ చేతిలోనే. టైగర్స్‌కి ఆ గెలుపుతో ప్లేఆఫ్స్ (సీజన్ తర్వాత మేటి జట్లు ఆడే పోటీలు) బెర్త్ ఖాయమైంది, 2014 తర్వాత మళ్ళీ ఇప్పుడే. వాళ్ళ సంబరాలు టీవీలో చూస్తూ పుస్తకంలో ఆఖరి గడి పూర్తి చేశాను. చాలాసేపు ఫోన్ తియ్యలేదు. తీశాక ఆవిడ ఎప్పటిలాగే మొదటి బ్యాటర్ నుంచి చెప్పమన్నారు. చెప్పాను. మధ్యలో రెండుసార్లు నా గొంతు పట్టేస్తే ఆవిడ ఆగారు, తొందరపెట్టలేదు. తర్వాతి రెండు ఆటలూ మావాళ్ళు గెలిచారు. మీ వార్త ఆ తర్వాతే అచ్చయింది, అందులో ఆ రెండు గెలుపుల మాట లేదు.

నేను కోరేది పెద్దదేం కాదు. 'అభిమానులు కూడా వదిలేశారు' అన్న వాక్యానికి సవరణ వెయ్యండి. వచ్చే మార్చిలో మళ్ళీ సీజన్ మొదలవుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు చాలామంది మీ పత్రిక చదువుతారు, వాళ్ళ పిల్లలు ఈ ఆట ఆడుతున్నారు. మా జట్టు గెలిచినా ఓడినా స్కోరు ఒక్క లైన్ వెయ్యండి. రికార్డు పడ్డ రోజు మాత్రమే గుర్తుకొస్తే మాకు కష్టంగా ఉంటుంది.

సవరణ వేస్తే ఆ ముక్క కత్తిరించి, 27వ తేదీ పేజీకి అంటించి పెడతాను. ఆ రాత్రి పెద్దావిడకి ఫోన్ చేసి ఇంగ్లీషులో చెప్పి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
షికాగో